సెకండ్ హ్యాండ్ డీజిల్ కారులో క్లచ్, ఫ్లైవీల్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో మారుతి డీజిల్ కార్లు తయారు చేయడం ఆపేసింది, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కూడా ఇక్కడ డీజిల్ ఆపేశాయి. ఇప్పుడు మార్కెట్లో తిరిగే డీజిల్ స్విఫ్ట్, డిజైర్, పోలో, వెంటో, ర్యాపిడ్ అన్నీ ఆ తేదీకి ముందువే. చాలా బండ్లకు ఇది మొదటి క్లచ్ అరిగిపోయే వయసు. తప్పు ఎక్కడుందో గేర్‌బాక్స్ దింపకముందే పట్టుకోవడం ఎలా, ఒకసారి దింపాక మళ్లీ దింపే అవసరం రాకుండా పని చేయించుకోవడం ఎలా అన్నవే ఇక్కడి ప్రశ్నలన్నీ.

క్లచ్ స్లిప్ అవుతోందని ఎలా తెలుస్తుంది?

ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. 1,800 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్యలో ముల్లు ఒక్కసారిగా పైకి లేచి, బండి వేగం దానితో పాటు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. టర్బో అందుకునేది, డీజిల్ టార్క్ (తిప్పే బలం) అంతా వచ్చేది అక్కడే. అందుకే జారుడు మొదట అక్కడే బయటపడుతుంది. ఫస్ట్, సెకండ్ గేర్లలో బాగానే లాగుతోంది కదా అని మోసపోవద్దు. క్లచ్ ప్లేటు (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే బిళ్ల) అరిగిన బండి ముందుగా దొరికిపోయేది పై గేర్లలోనే.

హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్ ఆగుతుందో లేదో చూసే పరీక్ష ఒకటి చాలా చోట్ల చేస్తారు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్‌కీ క్లచ్‌కీ మధ్య తిరిగే రెండు ముక్కల బరువైన చక్రం, వివరం కింద ఉంది) ఉన్న బండి మీద ఆ పరీక్ష చేయనివ్వకండి. అలా బలవంతంగా ఆపిన ప్రతిసారీ దాని లోపలి స్ప్రింగులు దెబ్బ తింటాయి. రోడ్డు పరీక్ష చాలు.

పెడల్ రోజురోజుకీ బరువెక్కడం, దాదాపు పైదాకా వదిలితే తప్ప బండి కదలకపోవడం కూడా అరిగిన ప్లేటు గుర్తులే. ప్లేటు పలచబడే కొద్దీ ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే భాగం) మీది స్ప్రింగు వేళ్లు వంగే కోణం మారిపోతుంది, కాలికి బరువు తెలుస్తుంది. తనంతట తాను సర్దుకునే రకం ప్రెజర్ ప్లేటు ఉన్న బండ్లలో మాత్రం పెడల్ చివరిదాకా మామూలుగానే ఉంటుంది. వాటి విషయంలో రోడ్డు పరీక్షనే నమ్మాలి.

గేరు పడటం కష్టంగా ఉంది, రివర్స్ వేస్తే గర్రుమంటోంది. క్లచ్ సెట్ మార్చాలా?

ముందు హైడ్రాలిక్, అంటే పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి చేర్చే ఫ్లూయిడ్ లైను చూడండి. చాలా మెకానిక్ షెడ్లలో ఈ అడుగు వదిలేసి నేరుగా గేర్‌బాక్స్ దింపుతారు. పదివేలు పెట్టి ప్లేటు మార్చాక కూడా గేరు అలాగే గర్రుమంటుంది.

జారడం వేరు, విడవకపోవడం వేరు. జారుతుంటే ప్లేటు సరిగ్గా పట్టడం లేదు. గేరు పడకపోతే ప్లేటు పూర్తిగా వదలడం లేదు. పెడల్ పూర్తిగా తొక్కి, మూడు సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ విడవడం లేదు. ఇప్పుడు పెడల్‌ని గబగబా నాలుగైదు సార్లు తొక్కి మళ్లీ వేయండి. ఈసారి నున్నగా పడితే తప్పు లైనులోని గాలిది, లేదా సిలిండర్ సీళ్లది.

ఎక్కువ కార్లలో క్లచ్‌కీ బ్రేకుకీ ఒకే ఫ్లూయిడ్ డబ్బా ఉంటుంది. క్లచ్ పైపు ఆ డబ్బాలో పై మట్టం నుంచి బయల్దేరుతుంది. ఫ్లూయిడ్ కాస్త తగ్గితే ముందు గాలి చేరేది క్లచ్‌లోకే, బ్రేకులు మాత్రం మామూలుగా పడుతూనే ఉంటాయి. అందుకే డబ్బా మట్టం, పెడల్ వెనక మాస్టర్ సిలిండర్ (ఫ్లూయిడ్‌ని నెట్టేది) దగ్గర తడి, గేర్‌బాక్స్ మీది స్లేవ్ సిలిండర్ (ఆ ఒత్తిడితో క్లచ్‌ని విడిపించేది) రబ్బరు తొడుగు లోపల తడి, ఈ మూడూ చూడండి. స్లేవ్ బయట కనిపించకపోతే అది బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ డొప్ప) లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) చుట్టూ ఉండే రకం. అది కారితే ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద చుక్కలు పడతాయి. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దింపక తప్పదు.

ఫ్లూయిడ్ నల్లబడి ఉంటే పూర్తిగా తీసి, మాన్యువల్లో చెప్పిన డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోసి గాలి తీయించండి. రెండేళ్లకోసారి మార్చడం మంచి అలవాటు. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటివి చుక్క పడ్డా సీళ్లు ఉబ్బి పాడవుతాయి. వాటితో పాటు బ్రేకులూ పోతాయి.

చప్పుడు వస్తోంది. ఏ భాగమో వినే చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. బండి న్యూట్రల్లో, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి ఏసీ ఆపి వినండి.

పెడల్ తొక్కగానే మొదలయ్యే కీచు, గరగర రిలీజ్ బేరింగుది (ప్రెజర్ ప్లేటు వేళ్లని నెట్టేది). స్కార్పియో, బొలెరో లాంటి ఇంజన్ వెనక చక్రాలను తిప్పే బండ్లలో క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) చివర ఉండే చిన్న పైలట్ బేరింగు కూడా ఇలాగే అరుస్తుంది. పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కగానే ఆగిపోయే చప్పుడైతే రెండు అనుమానాలు: గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు, లేదా అరిగిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. ఏకధాటిగా గుయ్యిమంటే బేరింగు వైపు చూడాలి. డబ్బాలో నట్లు పోసి కదిపినట్టు టకటకలాడుతూ, ఆర్‌పీఎం కాస్త పెంచగానే తగ్గితే ఫ్లైవీల్ వైపు. పెడల్‌తో సంబంధం లేకుండా ఒకేలా వస్తే అది క్లచ్ వైపుది కాదు. బెల్టు, ఆల్టర్నేటర్, టెన్షనర్ చూడండి.

ఇంజన్ ఆపినప్పుడు ధడ్‌మని ఒక దెబ్బ వినిపిస్తే ఫ్లైవీల్ పోయిందని వెంటనే తీర్మానించేస్తారు. ఇంజన్ మౌంట్ తెగినా సరిగ్గా అలాంటి దెబ్బే వస్తుంది. బానెట్ ఎత్తి, ఒకరు ఇంజన్ ఆన్ చేసి ఆపుతుంటే ఇంకొకరు మౌంట్లు చూడండి. ఇంజన్ బాగా ఊగుతుంటే మౌంట్ మార్చి, ఆ తర్వాతే ఫ్లైవీల్ మాట ఎత్తాలి. మౌంట్ ఖర్చు ఫ్లైవీల్ ఖర్చులో చిన్న వంతు.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అంటే ఏమిటి? డీజిల్‌కి ఎందుకు?

నాలుగు సిలిండర్ల ఇంజన్లో క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు రెండు పేలుళ్లు జరుగుతాయి. ఐడిల్‌లో 800 ఆర్‌పీఎం అంటే సెకనుకు దాదాపు 27 తన్నులు. డీజిల్లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఒక్కో తన్నూ గట్టిగా ఉంటుంది. అవి నేరుగా గేర్‌బాక్స్‌కి చేరితే పళ్లు ఒకదానికొకటి కొట్టుకుని మోగుతాయి.

అందుకే ఫ్లైవీల్‌ని రెండు ముక్కలు చేశారు. ఒకటి క్రాంక్ షాఫ్ట్‌కి బిగుస్తుంది, రెండోదాని మీద క్లచ్ కూర్చుంటుంది. మధ్యలో గ్రీజులో మునిగిన పొడవాటి వంపు స్ప్రింగులు తన్నుల్ని మింగేస్తాయి. ఈ ఏర్పాటు అదురు పెంచే వేగం ఐడిల్ కంటే కింద ఉండేలా తయారు చేస్తారు. అంటే స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ మాత్రమే బండి ఆ గండం దాటుతుంది. బ్యాటరీ నీరసపడి సెల్ఫ్ మెల్లగా తిప్పుతుంటే ఇంజన్ ఆ గండంలోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. పాత బ్యాటరీతో నెట్టుకొస్తే ఫ్లైవీల్ ఆయుష్షు తగ్గేది ఇందుకే.

నా బండికి అది ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టీడీఐ డీజిల్ ఇంజన్లలో, ఎక్స్‌యూవీ500లో ఇది మామూలే. మిగతావాటిలో బండి పేరు చూసి చెప్పకూడదు. ఒకే పేరుతో వచ్చిన కారులో కూడా ఇంజన్ని బట్టి, తయారైన ఏడాదిని బట్టి మారుతుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో అడిగితే పార్ట్ నంబరుతో సహా చెబుతారు. దించిన క్లచ్ ప్లేటు చేతిలో ఉంటే దాని మధ్య భాగం చూడండి. అక్కడ పెద్ద స్ప్రింగులుంటే సాధారణంగా అది ఒంటి ముక్క ఫ్లైవీల్‌కి పనిచేసే ప్లేటు. స్ప్రింగుల్లేకుండా బోసిగా ఉంటే ఆ పని ఫ్లైవీల్ చేస్తున్నట్టు.

గేర్‌బాక్స్ దించాక ఏమేం చూడాలి?

ఈ ఘడియలో మీరు షెడ్డులో ఉండటం చాలా అవసరం. ఫోన్లో "అన్నా, ఫ్లైవీల్ కూడా పోయింది" అని వింటే సరిపోదు. కంటితో చూసి, ఫోటోలు తీసుకోండి.

ప్లేటు: రివెట్ తలకీ ప్లేటు ఉపరితలానికీ మధ్య లోతు కొలవండి. 0.3 మి.మీ.కి చేరితే ప్లేటు అయిపోయినట్టే. నూనె మరకలుంటే అది ఎక్కడిదో తేల్చాలి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, అంటే క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు పోయింది. తేనె రంగులో ఉండి గంధకం వాసన కొడితే గేర్ ఆయిల్, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. కారణం వదిలేసి కొత్త ప్లేటు వేస్తే అదీ కొద్ది నెలల్లో తడిసిపోతుంది.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్: రెండో ముక్కని చేత్తో కుడికీ ఎడమకీ తిప్పండి. కాస్త ఖాళీగా తిరిగి, తర్వాత స్ప్రింగు ఎదురు నెట్టాలి. ఎంత తిరగవచ్చు, అంచు దగ్గర నొక్కితే ఎంత ఊగవచ్చు అన్న హద్దులు తయారీదారు పార్ట్ నంబరు వారీగా ఇస్తాడు. కొత్తదానికి కూడా కొంత ఆట ఉంటుంది. అందుకని "చూడు సార్, ఊగుతోంది" అన్న ఒక్క మాట మీద దాన్ని తీసేయకండి. ఆ హద్దు ఎంతో చూపించమనండి. ఇవి కనిపిస్తే మాత్రం సందేహం అక్కర్లేదు: స్ప్రింగు ఎదురు అస్సలు లేకుండా ఖాళీగా తిరగడం, రెండు ముక్కలు ఒరుసుకున్న మెరుపు గీతలు, బెల్ హౌసింగ్ లోపలంతా గ్రీజు చిమ్మిన చారలు, ఉపరితలం మీద పగుళ్లు. అంచున పలచగా గ్రీజు తడి ఉండటం ఒక్కటే అయితే మార్చే కారణం కాదు.

అంచున ఉన్న స్టార్టర్ పళ్లు చుట్టూ తిప్పి చూడండి. రిలీజ్ ఫోర్కు, అది ఆనే బంతి, ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్లు (ప్లేటు కూర్చునే గాడులు) కూడా చూడాలి.

ప్లేటు ఒక్కటే మార్చితే సరిపోదా?

సరిపోదు. పాత ప్రెజర్ ప్లేటు వేడికి వంకర తిరిగి, పట్టు సడలి ఉంటుంది. కొత్త ప్లేటు దాని మీద సమంగా ఆనదు. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకే కంపెనీ సెట్‌గా తీసుకోండి. స్లేవ్ లోపలి రకమైతే అదీ మార్చేయండి, క్రాంక్ వెనక సీలు కూడా. సీలు ధర తక్కువే, దాని కోసం మళ్లీ గేర్‌బాక్స్ దింపే మజూరీయే ఎక్కువ.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ధర మామూలుగా క్లచ్ సెట్ కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. హద్దుల్లో ఉన్నదాన్ని "ఎలాగూ దింపాం కదా" అని మార్చనక్కర్లేదు. అయితే మొదటి క్లచ్ పూర్తిగా అరిగేదాకా పనిచేసిన ఫ్లైవీల్ హద్దుకి దగ్గర్లో ఉంటే, ఆ బండిని ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకుంటారా అన్నది లెక్క వేసుకోండి. ఉంచుకునేట్టయితే ఇప్పుడే మార్చడం మేలు.

ఫ్లైవీల్‌ని లేత్ మీద ఫేసింగ్ (ఉపరితలం చెక్కి చదును) చేయించవచ్చా?

ఒంటి ముక్కదైతే చేయించవచ్చు. గీతలు, నీలం మచ్చలు పోయేంత పలచగా తీస్తే చాలు, మిగిలిన మందం మాన్యువల్ హద్దు కంటే తగ్గకూడదు. ప్రెజర్ ప్లేటు కూర్చునే అంచు మెట్టులా ఎత్తుగా ఉంటే, లోపల ఎంత తీశారో ఆ అంచు మీదా అంతే తీయాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మంచి లేత్ పనివాళ్లు దొరుకుతారు కానీ ఈ రెండో మాట మీరు చెప్పి చేయించుకోవాలి. లోపల మాత్రమే తీస్తే ప్లేటు మీద ఒత్తిడి తగ్గి కొత్త క్లచ్ జారుతుంది.

డ్యూయల్ మాస్‌ని లేత్ ఎక్కించకూడదు. డీజిల్‌తోనో ప్రెషర్ వాటర్‌తోనో కడగకూడదు, లోపలి గ్రీజు పోతుంది. చేయి జారి కింద పడిందాన్ని బిగించకూడదు. స్ప్రింగులు మార్చి "రిపేర్" చేసి ఇస్తామనే చోటికి వెళ్లవద్దు. దాని బ్యాలెన్స్ చూసే యంత్రం వాళ్ల దగ్గర ఉండదు.

డ్యూయల్ మాస్ తీసేసి ఒంటి ముక్కది వేయించుకుంటే ఖర్చు తగ్గుతుందిగా?

తగ్గుతుంది, ఆ మేరకు వేరేచోట పెడతారు. స్ప్రింగులున్న ప్లేటుతో సహా సెట్‌గా వచ్చే మార్పిడి కిట్లు కొన్ని బండ్లకు ఉన్నాయి, వాలియో లాంటి పెద్ద కంపెనీలే చేస్తాయి. ఐడిల్‌లో గేర్‌బాక్స్ మోత, తక్కువ ఆర్‌పీఎంలో బాడీ అదురు పెరుగుతాయి. ప్లేటు మధ్యలో ఉన్న చిన్న స్ప్రింగులు ఆ పొడవాటి వంపు స్ప్రింగులంత తన్నుని మింగలేవు. మిగిలింది గేర్‌బాక్స్ బేరింగులు భరిస్తాయి.

మీ బండికి సరిగ్గా సరిపోయే కిట్ పేరున్న కంపెనీది దొరికి, బండి వయసైపోయి, రెండు మూడేళ్లకు మించి ఉంచుకోరనుకుంటే ఒప్పుకోవచ్చు. వేరే మోడల్ ఫ్లైవీల్‌కి రంధ్రాలు వేసి పెట్టే పని మాత్రం ఏ ధరకీ వద్దు. క్రాంక్ షాఫ్ట్ మీద బ్యాలెన్స్ తప్పిన బరువు తిరుగుతూ ఉంటుంది.

కొత్త ఫ్లైవీల్ ఏడాదికే మళ్లీ టకటకలాడుతోంది. ఎందుకు?

చాలాసార్లు తప్పు ఇంజన్‌ది. ఒక ఇంజెక్టర్ తక్కువ పోస్తుంటే నాలుగు తన్నులూ సమానంగా ఉండవు, ఆ తేడా అంతా ఫ్లైవీల్ స్ప్రింగుల మీద పడుతుంది. కొత్తది కొనేముందే స్కానర్‌లో ఐడిల్ దగ్గర ఒక్కో సిలిండర్ సవరణ విలువ (ఇంజన్ కంప్యూటర్ దానికి డీజిల్ ఎంత పెంచుతోంది, తగ్గిస్తోంది అన్నది) చూపించమనండి. ఒక సిలిండర్ మిగతావాటికి బాగా దూరంగా ఉంటే రిటర్న్ పైపులకు సీసాలు పెట్టి లీక్ ఆఫ్ పరీక్ష (ఒక్కో ఇంజెక్టర్ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చూసేది) చేయించండి. ఒక సీసా మిగతావాటికంటే ముందే నిండితే ఆ ఇంజెక్టర్‌నే అనుమానించాలి.

మిగతా కారణాలు: నీరసపడిన బ్యాటరీ, ట్యూనింగ్ బాక్సుతో పెంచిన టార్క్, ఐదో గేరులో 1,100–1,200 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నిండా తొక్కడం. మైలేజ్ వస్తుందని చాలామంది పై గేరులోనే ఈడుస్తారు. బరువుతో లాగేటప్పుడు 1,500 కంటే కిందికి రానివ్వకండి, ఒక గేరు దించండి.

బిగించేటప్పుడు ఎక్కడ తప్పులు జరుగుతాయి?

ఎక్కువ నష్టం చేసేది గేర్‌బాక్స్‌ని ఎక్కించేటప్పుడు దాని బరువంతా క్లచ్ ప్లేటు మీద వేలాడనివ్వడం. మధ్య హబ్ వంగుతుంది. బండి బయటికొచ్చిన రోజు నుంచే గేరు గట్టిగా పడుతుంది, కదిలేటప్పుడు ఒళ్లంతా ఊపుతుంది. కింద సరైన జాక్ పెట్టి, రెండు గైడ్ పిన్నులూ చోటులో ఉన్నాయో చూసి, గేర్‌బాక్స్ చేత్తో నెడితే పూర్తిగా ఆనాలి. బోల్టులతో లాగి దగ్గరికి తేకూడదు.

ప్లేటు మీద గేర్‌బాక్స్ వైపు అని రాసి ఉంటుంది. కొన్నిటి మీద జర్మన్‌లో ఉంటుంది. తిరగేసి పెడితే క్లచ్ విడవదు. కొత్త ప్రెజర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. స్ప్లైన్లకు బియ్యపు గింజంత వేడి తట్టుకునే గ్రీజు రాసి, ప్లేటుని ముందుకీ వెనక్కీ జరిపి, బయటికొచ్చింది తుడిచేయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటుకే అంటుతుంది.

ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే వేయాలి. అవి సాగేలా బిగించేవి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇంజన్లలో ఎక్కువవాటికి 60 న్యూటన్ మీటర్ల బిగువు, ఆపైన ఇంకో 90 డిగ్రీలు తిప్పడం. ప్రెజర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. తనంతట తాను సర్దుకునే రకాన్ని ప్రత్యేక టూలుతో నొక్కి పెట్టాకే బిగించాలి. టూలు లేకుండా బోల్టులతోనే లాగితే సర్దుబాటు రింగు ముందే తిరిగిపోతుంది. గేర్‌బాక్స్ ఎక్కకముందు క్లచ్ పెడల్ తొక్కనివ్వకండి, లోపలి స్లేవ్ పిస్టన్ బయటికి ఊడొస్తుంది. డ్రైవ్ షాఫ్టులు తీసినప్పుడు కారిన గేర్ ఆయిల్‌కి బదులు కొత్తది మట్టం వరకు పోయించండి.

ఇంజన్ ముందు చక్రాలను తిప్పే బండికి ఈ పనంతా సరిగ్గా చేస్తే ఒక రోజు పడుతుంది. ఆ తర్వాత మొదటి 500 కి.మీ. హాఫ్ క్లచ్, నిండు బరువు, ఘాట్ ఎక్కడం వద్దు.

డూప్లికేట్ పార్టుల్ని ఎలా గుర్తుపట్టాలి?

ల్యూక్, వాలియో, ఎక్సెడీ, సాక్స్ పేర్లతో డబ్బాలు చాలా తిరుగుతాయి. డబ్బా మీది పార్ట్ నంబరు లోపలి పార్టు మీద చెక్కి ఉండాలి. జీఎస్టీ బిల్లు, అందులో పార్ట్ నంబరు తీసుకోండి. బిల్లు ఇవ్వని షాపు ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి.

ఘాట్ రోడ్లు, సెల్లార్ ర్యాంపులు క్లచ్‌ని తినేస్తాయంటారు. ఎలా నడపాలి?

తిరుమల ఘాట్‌లో మలుపు దగ్గర బండ్లు ఆగితే క్లచ్ మీద బండిని నిలబెట్టకండి. హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్ చేసి, దారి వచ్చాక కదలండి. ఘాట్ కంటే ఎక్కువ చెడగొట్టేది అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి రివర్స్‌లో పైకి రావడం. ఆ కాసేపు టర్బో సాయం ఉండదు, అంగుళం అంగుళం హాఫ్ క్లచ్‌లోనే జరుపుతారు. వీలైతే రాత్రి రివర్స్‌లో దింపి, పొద్దున ముందుకి ఎక్కించండి. కాలిన వాసన వస్తే ఆపి అరగంట చల్లారనివ్వండి. వాసన ఒకసారి వచ్చినంత మాత్రాన ప్లేటు పోయినట్టు కాదు.

కొనేముందు ఏం చూడాలి?

చల్లటి ఇంజన్ మీదే వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే మరో రోజు వస్తామని చెప్పండి. స్టార్ట్, ఆపడం మూడుసార్లు చేసి దెబ్బ వినండి. పైన చెప్పిన నాలుగో గేరు పరీక్ష, రివర్స్ పరీక్ష చేయండి. రివర్స్‌లో మెల్లగా ఎత్తు ఎక్కిస్తే వణుకు ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ వణుకు నూనె తడిసిన ప్లేటుకీ, మచ్చలు పడ్డ ఫ్లైవీల్‌కీ, తెగిన మౌంట్‌కీ ఉమ్మడి గుర్తు. పెడల్ రబ్బరు నున్నగా అరిగి, మీటరు 50 వేలే చూపిస్తుంటే మీటరుని నమ్మకండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు వచ్చాక అక్కడివి ఇక్కడ చౌకగా దొరుకుతున్నాయి. అవి ట్రాఫిక్‌లోనే నలిగి ఉంటాయి కాబట్టి క్లచ్ ఖర్చు కలుపుకునే బేరమాడండి.

ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనంతట తానే మార్చుకునే) బండికి కూడా ఇవే వర్తిస్తాయా?

ప్లేటు, బేరింగు అవే. పెడల్ తొక్కే పని యాక్చుయేటర్ అనే యంత్రం చేస్తుంది, అంతే. క్లచ్ మార్చాక స్కానర్‌తో కొత్త పట్టు బిందువుని నేర్పించాలి. ఆ వసతి లేని షెడ్డులో పని మొదలుపెట్టవద్దు.

దారిలో క్లచ్ పోతే బండిని షెడ్డుదాకా తేగలమా?

విడవని క్లచ్ అయితే, దారి చదునుగా, ఖాళీగా ఉంటే తేవచ్చు. ఇంజన్ ఆపి, ఫస్ట్ గేరు వేసి, ముందు ఎవరూ లేరని చూసుకుని సెల్ఫ్ కొట్టండి. బండి గేరులోనే కదులుతూ స్టార్ట్ అవుతుంది. ఆ గేరులోనే వెళ్లి, ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపేయండి. జారుతున్న క్లచ్ అయితే యాక్సిలరేటర్ పావు వంతు మించి తొక్కకుండా వెళ్లండి, ఎత్తు వస్తే ఆగిపోండి. ఫ్లైవీల్ నుంచి లోహం విరిగినట్టు చప్పుడొస్తుంటే ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. ఆ ముక్కలు బెల్ హౌసింగ్‌ని పగలగొడితే గేర్‌బాక్సే మార్చాలి. అలాంటప్పుడు బండిని టోయింగ్ వ్యాన్ మీద ఎక్కించి పంపండి.